‘చెయ్యి కడుక్కో’ అంటే పిల్లలు నిజంగానే ఒక్క చెయ్యే కడుగుతున్నారు. ఏం చేయాలి?

ఐరాల_టీచరమ్మ
మాది చిత్తూరు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల. ఐదో తరగతి వరకు 62 మంది పిల్లలున్నారు. 3 కొళాయిలున్నాయి, నీళ్లు వస్తాయి, సబ్బు పెడుతున్నాము. చేతులు ఎలా కడుక్కోవాలో గోడ మీద బొమ్మలతో వేయించాము. అక్టోబర్ 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం జరిపినప్పుడు మూడో తరగతి అబ్బాయి ఒకడు అందరి ముందు నిలబడి అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు అంటూ ఒక్కటీ తప్పకుండా చేసి చూపించాడు. ఆ మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే అదే అబ్బాయి కొళాయి కింద నాలుగు వేళ్లు తడిపి, విదిలించి, నిక్కరుకు తుడుచుకుని పంక్తిలో కూర్చున్నాడు. రెండు వారాలుగా కొళాయిల దగ్గరే నిలబడి చూస్తున్నాను. నేను ఎదురుగా ఉంటే సబ్బు ముట్టుకుంటారు, పక్కకు తిరిగితే మానేస్తారు. కాబట్టి ఇది తెలియకపోవడం కాదు. నేర్పిన సంగతి అలవాటు కావడానికి మీ మీ బడుల్లో, ఇళ్లలో ఏం చేశారో చెప్పండి.

మామిడితోట
రెండో ఎక్కం చెప్పించండి టీచర్ గారూ. ‘రెండు ఒకట్ల రెండు’ నుంచి ‘రెండు పదుల ఇరవై’ వరకు నిదానంగా చెబితే దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఎక్కం పూర్తయ్యే దాకా రుద్దుతూనే ఉండాలని నియమం పెట్టండి.

కుప్పం_శీను
మా అమ్మాయికి నేను పెట్టింది కూడా ఇదే నియమం. వారం తిరిగేసరికి రెండో ఎక్కాన్ని ఆరు సెకన్లలో ముగించడం నేర్చుకుంది. ఎక్కం బాగా వచ్చినందుకు సంతోషించాను గానీ చేతులు మాత్రం మొదటికే వచ్చాయి. ఇప్పుడు ఎక్కాన్ని నేనే పక్కన నిలబడి చెబుతున్నాను, ఆమె రుద్దుతుంది.

నర్సమ్మ_తిరుపతి
ఇరవై సంవత్సరాలుగా ఆసుపత్రి వార్డుల్లో పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సబ్బు క్రిములను చంపడం కంటే ముఖ్యంగా చేసే పని వాటిని చర్మం నుంచి ఊడదీయడం. సబ్బు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. మన చేతుల మీది మురికి, క్రిములు ఆ జిడ్డులోనే అంటుకుని ఉంటాయి. రుద్దినప్పుడు జిడ్డు విడిపోతుంది, నీళ్లు పోసినప్పుడు కొట్టుకుపోతుంది. అంటే సబ్బు, రుద్దడం, నీళ్లు మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. వట్టి నీళ్లతో వేళ్లు తడిపితే మురికి మెత్తబడి అన్నంలోకి రావడానికి ఇంకా సులువవుతుంది.

రుద్దడం కనీసం 20 సెకన్లు ఉండాలి. తడపడం నుంచి ఆరబెట్టడం వరకు మొత్తం పనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సమయం 40 నుంచి 60 సెకన్లు. పెద్దవాళ్లైనా పిల్లలైనా వదిలేసే చోట్లు అవే: బొటనవేళ్లు, వేళ్ల కొసలు, చేతి వెనుక భాగం. మన పిల్లలు అన్నం కలుపుకునేది, నోట్లో పెట్టుకునేది ఆ వేళ్ల కొసలతోనే. నులిపురుగుల గుడ్లు దాక్కునేది గోళ్ల కిందే. గోళ్లు పెరిగి ఉంటే ఎంత రుద్దినా లోపలికి సబ్బు చేరదు, అందుకని వారానికి ఒక రోజు గోళ్లు చూడడం కూడా ఈ పనిలో భాగమే అనుకోండి.

గిరింపేట_అమ్మ
నా బాధ కూడా చెబుతాను. మా బాబుకు రెండో తరగతిలో పచ్చకామెర్లు వచ్చి నెల రోజులు బడికి పోలేదు. బడి పేరు రాయను. అక్కడ మరుగుదొడ్డి దగ్గర కొళాయి ఉండేది గానీ సబ్బు ఒక్కరోజు కూడా చూడలేదు. అడిగితే ‘పెడితే పిల్లలు ఎత్తుకుపోతున్నారు’ అన్నారు. ఇంట్లో నేను ఎంత జాగ్రత్తగా నేర్పినా, బడిలో సబ్బే లేకపోతే ఆ పిల్లవాడు ఏం చేయగలడు?

నర్సమ్మ_తిరుపతి
గిరింపేట అమ్మా, మీ బాధ అర్థమైంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పిల్లలకు ఎక్కువగా వచ్చే హెపటైటిస్-ఏ కామెర్లు మలంతో కలుషితమైన చేతుల వల్లా, నీళ్ల వల్లా, తిండి వల్లా వస్తాయి. తాగే నీళ్లు బాగాలేకపోతే చేతులు ఎంత కడిగినా సరిపోదు. మీరు బడివాళ్లను సబ్బు గురించి అడిగినట్టే తాగునీటి తొట్టి ఎప్పుడు కడిగారని కూడా అడగండి.

రేణిగుంట_నాన్న
ఇంత కష్టం ఎందుకు? తరగతి గుమ్మం దగ్గర ఒక శానిటైజర్ సీసా పెడితే సరిపోదా?

నర్సమ్మ_తిరుపతి
సరిపోదు. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ శుభ్రంగా కనిపించే చేతుల మీద బాగా పనిచేస్తుంది. మట్టిలో ఆడి వచ్చిన చేతుల మీద, జిడ్డు చేతుల మీద సరిగా పనిచేయదు. పురుగుల గుడ్లను అది తొలగించదు. చిన్నపిల్లలు నాకే ప్రమాదం కూడా ఉంది. క్రిములను చంపే ప్రత్యేక సబ్బు కోసం కూడా డబ్బు పోయకండి. మామూలు సబ్బు కంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చూపలేకపోవడంతో 2016లో అమెరికాలో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వాడకూడదని నిషేధించారు.

పులిచెర్ల_పెద్దాయన
ముప్పై నాలుగు సంవత్సరాలు పల్లె బడుల్లో చదువు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. టీచరమ్మ గారు పెట్టిన శీర్షిక చదివి రెండు విషయాలు చెప్పాలనిపించింది.

మొదటిది మన మాట. మన భాషలో ‘చెయ్యి కడుక్కున్నాడు’ అంటే భోజనం ముగించాడని అర్థం. మన ఇళ్లలో సబ్బుతో బాగా కడుక్కునేది తిన్న తర్వాత, పులుసు వాసన పోవడానికి. తినే ముందు మాత్రం తడుపుకుంటాము. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే. అందువల్ల తినే ముందు కడగడమంటే వాడికి ఒక మర్యాద, తిన్న తర్వాత కడగడమే అసలు పని. పైగా ‘చెయ్యి’ అని ఏకవచనంలో అంటాము. తినే చెయ్యి ఒకటే కదా, వాడు దాన్నే తడుపుతాడు. నా తరగతిలో నేను ‘రెండు చేతులూ రుద్దుకుని రండి’ అని మాట మార్చాను. చిన్న మార్పే గానీ మాట మారితే పిల్లవాడు చేసే పని కూడా కొంత మారింది.

రెండవది మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. పిల్లలు కొళాయి దగ్గరికి వచ్చేటప్పుడు వాళ్ల తట్ట, అదే అన్నం తినే పళ్లెం, ఎక్కడ ఉంటుంది? రేపు మధ్యాహ్నం అది ఒక్కటే చూడండి.

ఐరాల_టీచరమ్మ
పెద్దాయనా, ఈ రోజు మధ్యాహ్నం మీరు చెప్పినట్టే చూశాను. ఇన్ని రోజులు నా కంటికి ఎందుకు ఆనలేదో తెలియడం లేదు. ప్రతి పిల్లవాడి ఎడమ చేతిలో తట్ట ఉంది. ముందు తట్ట కడుక్కుంటారు, ఆ తట్టను ఎడమ చేత్తో పట్టుకునే కుడి చేతి వేళ్లు కొళాయి కింద పెడతారు. రెండో తరగతి పాప ఒకతె సబ్బు తీసుకోవాలనుకుంది. తట్టను గడ్డం కింద నొక్కిపట్టి సబ్బు అందుకోబోయింది, తట్ట జారి కింద పడింది, మళ్లీ కడుక్కుని సబ్బు జోలికి పోకుండా వెళ్లిపోయింది. ఒక్క చేత్తో సబ్బు రుద్దుకోవడం పెద్దవాళ్లకే చేతకాదు. తట్టను కింద పెడదామంటే అక్కడంతా బురద. నేను వాళ్లను రెండు వారాలుగా మందలిస్తున్నాను. ఇది రాస్తుంటే మనసు చివుక్కుమంటోంది.

మామిడితోట
ఒక బల్ల వేయించండి. ఈ రోజే.

బంగారుపాళెం_బోరు
ఇంకొక సంగతి ఎవరూ చెప్పలేదు. మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు అవుతుంది, చేతులకు జిగటగా అంటుకుంటుంది. పిల్లలకు ఆ జిగట నచ్చక సబ్బు మానేస్తారు. మా బడిలో సీసాలో వచ్చే ద్రవ సబ్బుకు మార్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. వాటిలో ఎక్కువ వాటికి ఉప్పు నీళ్లలో కూడా నురగ వస్తుంది.

పూతలపట్టు_మోహన
ద్రవ సబ్బుకు డబ్బెక్కడిది? బంగ్లాదేశ్‌లో లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిల్లు పెట్టిన సీసాలో పోసి వాడారు. అతి తక్కువ ఖర్చుతో పని జరిగింది.

గిరింపేట_అమ్మ
బట్టల పొడితో పిల్లల చర్మం పగిలిపోదా? మా బాబుకు చలికాలంలో చేతులు గరుకెక్కుతాయి. నేను ఒప్పుకోను.

పూతలపట్టు_మోహన
అంత పలచగా కలిపితే మామూలుగా ఇబ్బంది ఉండదమ్మా. అయినా మీ అబ్బాయిలాంటి పిల్లలకు విడిగా ఒక మామూలు సబ్బు బిళ్ల ఉంచితే మంచిది, ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను. డబ్బు విషయానికొస్తే, సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే వార్షిక గ్రాంటులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు చేయాలని నిబంధన ఉంది. సబ్బు దానిలో నుంచే కొనవచ్చు. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నవారు అడగాలి.

చంద్రగిరి_లక్ష్మి
సబ్బు పిల్లలే ఎత్తుకుపోతారని అనుకోకండి. మా అంగన్‌వాడీలో వారానికి మూడు బిళ్లలు మాయమయ్యేవి. ఒకరోజు చూస్తే కాకి ముక్కున కరుచుకుని చింతచెట్టు మీదికి పోతోంది. అప్పటి నుంచి సబ్బును ఉల్లిపాయల వల సంచి ముక్కలో వేసి కొళాయికి కట్టేస్తున్నాను. పిల్లలు వల మీదనే చేతులు రుద్దుకుంటారు, నురగ ఇంకా బాగా వస్తుంది, నీళ్లు కారిపోయి సబ్బు నానిపోకుండా ఉంటుంది.

ఐరాల_టీచరమ్మ
లక్ష్మి గారూ, ఈ వల సంచి ఉపాయం రేపే చేస్తాను. మా దగ్గర కూడా కాకులకు కొదవ లేదు.

కాణిపాకం_సైన్సు
నేను ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. చిన్నపిల్లలు కంటికి కనిపించని దాన్ని నమ్మలేరు, కనిపించేలా చేయాలి. అరచేతిలో నాలుగు చుక్కల నూనె, చిటికెడు పసుపు వేసి చేతులంతా పట్టించి, కళ్లు మూసుకుని కడుక్కోమనండి. పచ్చగా మిగిలిన చోటే కడగని చోటని పిల్లలు తమంతట తామే తెలుసుకుంటారు.

పులిచెర్ల_పెద్దాయన
సైన్సు మాస్టారూ, ప్రయోగం మంచిదే, పసుపు మాత్రం వద్దు. పసుపు చర్మానికి రంగు పట్టిస్తుంది. బాగా కడిగిన చెయ్యి కూడా పచ్చగానే కనిపిస్తుంది, శ్రద్ధగా కడిగిన పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. కొబ్బరి నూనెలో మెత్తగా నూరిన బొగ్గు పొడి కలపండి. సగం మందిని వట్టి నీళ్లతో, సగం మందిని సబ్బుతో కడుక్కోమనండి. నీళ్లతో కడిగినవాళ్ల చేతుల మీద నూనె, బొగ్గు అలాగే ఉంటాయి. నేను చేయించినప్పుడు అందరికీ నల్లగా మిగిలింది ఎడమ బొటనవేలి మొదలు, గోళ్ల అంచులు. నర్సమ్మ గారు చెప్పిన చోట్లే.

కాణిపాకం_సైన్సు
నిజమే, పసుపు సంగతి నాకు తట్టలేదు. బొగ్గుతో చేయిస్తాను.

కుప్పం_శీను
మా బడిలో ‘సుమన్-కె’ అని నేర్పుతున్నారు. అది హిందీ మాటల మొదటి అక్షరాలతో కట్టింది. సీధా, ఉల్టా, ముట్ఠీ, అంగూఠా, నాఖూన్, కలాయీ. మా అమ్మాయి అక్షరాలు గడగడా చెబుతుంది, దేనికి ఏది అంటే తెలియదు. తెలుగులో ఏదైనా ఉంటే బాగుండును.

చంద్రగిరి_లక్ష్మి
నేను పిల్లలకు ఇలా చెబుతాను: ‘అరచెయ్యి, వెనుక చెయ్యి, సందు సందు, పిడికిలి, బొటనవేలు తిప్పు, గోళ్లు గోకు, గాజులు రుద్దు.’ మణికట్టు అంటే చిన్నవాళ్లకు తెలియదు, గాజులు వేసుకునే చోటు అంటే అబ్బాయిలకు కూడా తెలుసు. గోళ్లు గోకమన్నప్పుడు రెండో అరచేతిలో పిల్లి గీరినట్టు గీరుతారు, అది వాళ్లకు చాలా ఇష్టం.

స్వర్ణముఖి_తీరం
ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. ఈ చర్చ మన జిల్లాకు కొత్తది కాదని గుర్తు చేయాలనిపించింది. మన చిత్తూరు జిల్లా పల్లెల్లోనే 14 ఊళ్లను తీసుకుని, సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. ఏడు ఊళ్లలో ‘సూపర్ అమ్మ’ అనే ప్రచారం చేశారు, మిగిలిన ఏడింటిలో చేయకుండా పోల్చారు. ఆ ప్రచారంలో రోగాల మాట ముందుకు తేలేదు. బిడ్డకు మంచి నడవడి నేర్పే తల్లి ఒక పాత్ర, చేతులు కడగకుండా లడ్డూలు చుట్టే లడ్డు లింగం ఇంకొక పాత్ర. ఒకరిని చూసి ముచ్చట పడాలి, ఇంకొకరిని చూసి ఛీ అనాలి. మొదట్లో కడుక్కోవలసిన సందర్భాలలో సబ్బుతో కడుక్కున్నది సుమారు 1 శాతం. ఆరు నెలల తర్వాత ప్రచారం జరిగిన ఊళ్లలో 37 శాతానికి వచ్చింది, జరగని ఊళ్లలో 6 శాతం దగ్గర ఉంది. రోగం వస్తుందన్న భయం రేపటిది, ఛీ అనిపించడం ఈ క్షణంలోది. పిల్లవాడి చేతిని కదిలించేది ఆ రెండవదే.

గిరింపేట_అమ్మ
ఛీ అనిపించడం వరకు సరే. మా వీధిలో ఒక పాపను తోటి పిల్లలు ‘పురుగుల పిల్ల’ అని ఏడిపిస్తే ఆ పాప వారం రోజులు బడి మానేసింది. మురికిని అసహ్యించుకోమని నేర్పబోయి మనిషిని అసహ్యించుకోవడం నేర్పకూడదు.

స్వర్ణముఖి_తీరం
మీరన్నది చాలా ముఖ్యమైన మాట. అందుకే అసహ్యం కలిగించే పాత్ర ఎప్పుడూ నాటకంలోదే కావాలి, తరగతిలోని పిల్లల్లో ఎవరినీ వేలెత్తి చూపకూడదు. చేతుల తనిఖీ కూడా అందరి ముందు చేయకుండా ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చూడాలి.

మామిడితోట
బంగ్లాదేశ్‌లో రెండు బడుల్లో ఉపన్యాసాలేమీ లేకుండా మరుగుదొడ్డి నుంచి కొళాయి దాకా దారి వేసి, దాని మీద రంగు పాదాల గుర్తులు, కొళాయి దగ్గర చేతుల గుర్తులు వేశారని చదివాను. మరుగుదొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో కడుక్కునేవాళ్లు 4 శాతం నుంచి ఆరు వారాల తర్వాత 74 శాతానికి పెరిగారు. పిల్లలు పాదాల మీద పాదం వేసుకుంటూ నడవడం ఆటగా చేస్తారు, ఆట కొళాయి దగ్గర ముగుస్తుంది. ఒక డబ్బా రంగు ఖర్చు.

రేణిగుంట_నాన్న
62 మంది, 3 కొళాయిలు అన్నారు. ఒక్కొక్కరికి 40 సెకన్లంటే లెక్క వేస్తే దాదాపు 14 నిమిషాలు. చివర నిలబడిన పిల్లవాడు ఆకలితో ఆగుతాడా? శానిటైజర్ మాట వెనక్కి తీసుకుంటాను గానీ ఈ లెక్కకు జవాబు కావాలి.

నర్సమ్మ_తిరుపతి
ఇది సరైన ప్రశ్న. రుద్దే 20 సెకన్లు కొళాయి దగ్గర నిలబడాల్సిన పని లేదు. తడుపుకుని, సబ్బు పట్టించి, పక్కకు జరిగి రుద్దుకోవాలి. మళ్లీ వచ్చి కడుక్కోవాలి. ఒక పిల్లవాడు కొళాయిని వాడేది అప్పుడు 15 సెకన్లే, మొత్తం ఐదారు నిమిషాలలో ముగుస్తుంది. రుద్దేటప్పుడు కొళాయి కట్టేసి ఉంటుంది కాబట్టి నీళ్లు కూడా మిగులుతాయి. చిన్న తరగతులను గంట కంటే ఐదు నిమిషాలు ముందు వదలండి.

పూతలపట్టు_మోహన
పదడుగుల ప్లాస్టిక్ పైపుకు అడుగుకొక చిల్లు పెట్టి తొట్టికి తగిలిస్తే ఒకేసారి పది మంది కడుక్కోవచ్చు. మా ఊరి ప్లంబరు ఒక పూటలో చేసి ఇచ్చాడు. నేస్తాలతో వరుసగా నిలబడితే ఏ పిల్లవాడూ మధ్యలో వదిలి పోడు.

ఐరాల_టీచరమ్మ
మూడు వారాలయింది, జరిగింది చెబుతాను. స్టోరు గదిలో కాలు విరిగిన పాత బల్ల ఒకటి ఉంటే వడ్రంగిని పిలిచి బాగు చేయించి కొళాయిల పక్కన వేయించాను. తట్ట కడిగి బల్ల మీద బోర్లించడం, రెండు చేతులూ తడిపి వల సంచి మీద రుద్దడం, పక్కకు జరిగి లక్ష్మి గారి మాటలు అనుకుంటూ రుద్దుకోవడం, మళ్లీ కడుక్కోవడం, చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చి తట్ట తీసుకోవడం. మొదటి నాలుగు రోజులు నేను, వంట చేసే అమ్మ ఇద్దరం నిలబడి చేయించాము. వంటమ్మ ఇప్పుడు చేతులు చూసి గానీ గరిటె ఎత్తడం లేదు. బొగ్గు ప్రయోగం రోజున ఒకటో తరగతి పాప తన బొటనవేలిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్లి మళ్లీ కడుక్కుని వచ్చింది.

అందరూ మారారని చెప్పను. నిన్న నేను కిటికీలో నుంచి చూస్తే కొళాయి దగ్గరికి వచ్చిన 20 మందిలో 14 మంది సబ్బుతో రుద్దారు. మిగిలిన ఆరుగురిలో నలుగురు ఒకటో తరగతి వాళ్లు. వాళ్లకు కొళాయి ఎత్తు అందడం లేదు, నీళ్లు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి. మరుగుదొడ్డి దగ్గర సంగతి ఇంకా మొదలుపెట్టలేదు. పాదాల గుర్తులు సంక్రాంతి సెలవుల్లో వేయిద్దామనుకుంటున్నాము.

పులిచెర్ల_పెద్దాయన
చిన్నవాళ్లకు ఎక్కి నిలబడే రాయి కంటే కొళాయినే కిందికి దించడం మేలమ్మా. తడి రాయి జారుతుంది.

ఐరాల_టీచరమ్మ
అలాగే పెద్దాయనా. మోహన గారూ, మీ పైపుకు చిల్లులు ఏ ఎత్తులో పెట్టించారో, నీళ్లు కట్టేయడానికి ఏం ఏర్పాటు చేశారో కొంచెం చెప్పండి. ఒకటో తరగతి వాళ్లకు విడిగా ఒకటి చేయిద్దాము.

పూతలపట్టు_మోహన
చిన్నపిల్లల నడుము ఎత్తులో పెట్టించాము టీచర్ గారూ. తొట్టి దగ్గర ఒకే వాల్వు ఉంటుంది, దాన్ని ఐదో తరగతి పిల్లలు వంతులవారీగా తిప్పుతారు. చిల్లులు కిందివైపు ఉండేలా బిగించండి, లేకపోతే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కొలతలు ప్లంబరును అడిగి రేపు రాస్తాను.